మొదటి వైపు, లోపలి గాడులు: ఒక ఎలింగ్టన్ రికార్డు కేసు

"ప్లేటు పాడు ప్లేటయ్యా, తిప్పి పంపించేస్తున్నా. పంపేముందు నువ్వొకసారి వింటే బావుంటుంది" అని డాక్టరు గారు ఫోన్ చేశారు. ప్లేటేమిటని అడిగాను. "మాస్టర్‌పీసెస్ బై ఎలింగ్టన్. కొత్తగా వేసిన ప్రింటు. ఇంత డబ్బు పోసి కొన్నానా, మొదటి పది నిమిషాలు తేనె. పోనుపోను గొంతు బొంగురుపోతుంది. ఆ అమ్మాయి పాడే చోట 'స' అన్నప్పుడల్లా తాటాకు చింపినట్టుంటోంది. రెండో వైపూ ఉంది గానీ ఇంత లేదు."

నాకు పట్టుకుంది ఆ చివరి మాటే. రెండో వైపు ఇంత లేదు. ప్లేటు పాడైతే రెండు వైపులా ఒక పద్ధతిగా పాడవ్వాలనేం లేదు, నిజమే. కానీ ఈ రికార్డు మొదటి వైపు దాదాపు 27 నిమిషాలు, రెండో వైపు 20 నిమిషాలు. ఆ ఏడు నిమిషాల తేడా ఎక్కడికి పోతుందో ముల్లుతో పనిచేసేవాడికి తెలుసు. లేబులు వైపుకి పోతుంది. ఎల్లుండి వస్తానని, అంతదాకా డబ్బా మూయొద్దని చెప్పాను.

న్యూజెర్సీలో టర్న్‌టేబుళ్ళు బాగుచేయడం, కొత్తవాటిని బిగించి సరిచేసి ఇవ్వడం నా పని. పుట్టింది తెనాలి. నాన్నకు మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ శ్రీరామనవమి పందిళ్ళకీ ఆయన వెంట ప్లేట్ల పెట్టె మోస్తూ తిరిగినవాణ్ణి. స్టైలస్ అనాల్సిన చోట నాకు ఇప్పటికీ నోటికి ముల్లు అనే వస్తుంది. ఈ కేసు రాయడంలోనూ అలాగే ఉంచేశాను. డాక్టరు గారికి రేడియోలో విన్న జాజ్ మీద ఆసక్తి మొదలై, ఇక్కడికొచ్చాక అది పెద్ద పిచ్చి అయింది. రిటైరయ్యాక గోడంతా ప్లేట్లు.

కేసులోకి వెళ్ళేముందు ఈ ప్లేటు సంగతి కొంచెం చెప్పాలి. ఇబ్బంది ఎక్కడ పుట్టిందో అర్థమవ్వాలంటే ఈ సంగీతం అంత పొడుగ్గా ఎందుకుందో తెలియాలి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 10 అంగుళాల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాలు పట్టేది. మన వాళ్ళకీ అది కొత్త సంగతేం కాదు. రాగాన్ని రెండు విసుర్లలో తేల్చేసి కీర్తన అందుకోవడం, నాటకాన్ని నాలుగైదు ప్లేట్ల సెట్టుగా ముక్కలు చేయడం మనమూ చేసిందే. అమెరికన్ జాజ్ స్వరకర్త, వాద్యబృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 1930లో 'మూడ్ ఇండిగో' రికార్డు చేసింది ఆ మూడు నిమిషాల గదిలోనే. ఆ గది ఆయనకెప్పుడూ ఇరుకే. 1931లో 'క్రియోల్ రాప్సొడీ'ని రెండు వైపులకి సాగదీశారు, 1935లో 'రెమినిసింగ్ ఇన్ టెంపో'ని నాలుగు వైపులకి. పాట మధ్యలో లేచి వెళ్ళి ప్లేటు తిప్పాలి, ఇంకో ప్లేటు పెట్టాలి. 1943 జనవరిలో కార్నెగీ హాల్లో 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' వాయించినప్పుడు అది ముప్పావు గంట దాకా నడిచింది. హాల్లో కూర్చున్నవాళ్ళకి అది అందింది, ప్లేటు కొనుక్కునేవాళ్ళకి ముక్కలే అందాయి.

కొలంబియా కంపెనీ 1948 జూన్‌లో లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. నిమిషానికి ముప్ఫై మూడుంపావు పైచిలుకు చుట్లు, సన్నటి గాడి, ఒక వైపు ఇరవై నిమిషాల పైన. రెండున్నరేళ్ళ తర్వాత, 1950 డిసెంబరు 18న, ఎలింగ్టన్ తన వాద్యబృందాన్ని న్యూయార్క్‌లో కొలంబియా వారి 30వ వీధి స్టూడియోకి తీసుకెళ్ళారు. అది ఒకప్పటి చర్చి. ఎత్తైన పైకప్పు, చెక్క నేల. ధ్వని ఎక్కడికక్కడ చచ్చిపోకుండా కాస్త నిలబడి వెళ్ళే చోటు. మైల్స్ డేవిస్ పేరుమోసిన జాజ్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో రికార్డయింది కూడా ఆ గదిలోనే.

ఆ రోజు నాలుగు కృతులు. 'మూడ్ ఇండిగో' పదిహేనున్నర నిమిషాలు, 'సాఫిస్టికేటెడ్ లేడీ' పదకొండున్నర, 'ద టాటూడ్ బ్రైడ్' ఇంచుమించు అంతే, 'సాలిట్యూడ్' ఎనిమిదిన్నర. మొదటి రెండూ మొదటి వైపు. జనం నోళ్ళలో నలిగిన పాత మూడు పాటలకీ ఎలింగ్టనూ ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్నూ కలిసి కచేరీ విస్తారం ఇచ్చారు. 'టాటూడ్ బ్రైడ్' మాత్రం అంతకు రెండేళ్ళ ముందే కార్నెగీ హాల్లో మొదటిసారి వినిపించిన కొత్త కృతి. 'మూడ్ ఇండిగో' పదిహేను నిమిషాలూ వింటే నాకు మన నెరవల్ గుర్తొస్తుంది. పల్లవి అదే. రంగు మారుతుంది, ఎత్తు మారుతుంది, ఒకసారి శాక్సఫోన్లు నెత్తిన పెట్టుకుంటాయి, ఒకసారి మూత పెట్టిన ట్రాంబోన్ మనిషిలా మాట్లాడుతుంది, మధ్యలో ఇవాన్ లనోజ్ అనే గాయని వచ్చి మాటలు పాడి వెళ్తుంది. తొందర ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళు మూడు నిమిషాల్లో బతికిన పాట మొదటిసారి కాళ్ళు చాపుకుంది.

ఇంకో కారణానికి కూడా ఈ ప్లేటు విలువైనది. ఇది అయిన రెండు మూడు నెలలకే, 1951 మొదట్లో, బృందంలోని జానీ హాడ్జెస్, లారెన్స్ బ్రౌన్, సానీ గ్రీర్ ముగ్గురూ ఎలింగ్టన్ని వదిలి వెళ్ళిపోయారు. గ్రీర్ వాషింగ్టన్ రోజుల నుంచీ ఆయన పక్కన డ్రమ్ములు వాయించినవాడు. ఆ జట్టు ఆ రూపంలో, ఆ గదిలో, ఇంత శుభ్రంగా దొరికింది ఈ రికార్డులోనే. ఇలాంటిదాన్ని "పాడు ప్లేటు" అంటే నాకు మనసొప్పలేదు.

డాక్టరు గారి దగ్గరున్నది అనలాగ్ ప్రొడక్షన్స్ వారు కాన్సాస్‌లోని సలీనాలో, తమ క్వాలిటీ రికార్డ్ ప్రెసింగ్స్ ఫ్యాక్టరీలో 200 గ్రాముల ప్లేటుగా పోసింది. 33 స్పీడుది, ఒకే ప్లేటు, పాత ప్లేటులాగే వైపుల పంపకం. ఇదే 45 స్పీడులో రెండు ప్లేట్లుగా, ఒక్కో వైపుకి ఒక్కో కృతి చొప్పున కూడా ఉంది. డాక్టరు గారి ఆలోచన 33ని తిప్పి పంపేసి 45 తెప్పించుకుందామని.

సోమవారం సాయంత్రం వెళ్ళాను. గుమ్మం పక్కనే డబ్బా, దానిమీద వాపసు లేబులు ప్రింటు తీసి పెట్టి ఉంది. టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్ 1200. కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకుని దాని కదలికని విద్యుత్తుగా మార్చే డబ్బీ, ఆడియో టెక్నికా వీఎమ్ 95. దానికి ఎలిప్టికల్ ముల్లు, అంటే కోల మొనది. రెండూ నాకు ఇష్టమైనవే, మొండి సరుకు. ప్లేటు చూశాను. దీపం కింద పెట్టి అటూ ఇటూ వంచి చూస్తే గీత లేదు, మరక లేదు, వంకర లేదు. తిప్పి చూస్తే ముల్లుని మోసే చెయ్యి, టోన్‌ఆర్మ్, పక్కలకి ఊగడం లేదు, అంటే మధ్య చిల్లు సరిగ్గా మధ్యనే ఉంది. రసమట్టం పెడితే టేబుల్ కూడా సమంగానే ఉంది.

మొదటి వైపు మొత్తం ఏమీ ముట్టుకోకుండా విన్నాను. ఇది నేను తప్పకుండా చేసే పని. మనిషి ఏం వింటున్నాడో మనం వినకుండా స్క్రూడ్రైవర్ తీస్తే, తర్వాత ఏది బాగుపడిందో ఇద్దరికీ తెలియదు. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. మొదట్లో క్లారినెట్ అడుగు స్వరం చక్కగా, వెచ్చగా. ఎనిమిదో నిమిషం నుంచి ఇత్తడి వాద్యాలు గట్టిగా లేచిన చోట కాస్త గరగర. 'సాఫిస్టికేటెడ్ లేడీ' మొదలయ్యేసరికి అది స్థిరపడిపోయింది. పాట పేరులోనే 'స' ఉంది, పాపం లనోజ్ గొంతు ప్రతి 'స' దగ్గరా చిరిగిపోతోంది.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ముందు ముల్లు మీద అనుమానపడ్డాను. భూతద్దంలో చూస్తే మొన మీద బూజు తప్ప అరుగుదల కనిపించలేదు. శుభ్రం చేశాను, కొద్దిగా మెరుగుపడింది. నా సంచిలో అదే కార్ట్రిడ్జ్‌కి సరిపోయే మైక్రోలైన్ ముల్లు, ఇంకా సన్నటి మొనది, ఉంది. ఈ రకంలో ముల్లు లాగితే వస్తుంది, నొక్కితే కూర్చుంటుంది, అర నిమిషం పని. మార్చి పెట్టాను. గరగర బాగా తగ్గింది. డాక్టరు గారి మొహం విప్పారింది. "ఇదే ఉంచెయ్యి, ఎంతో చెప్పు" అన్నారు.

అక్కడితో డబ్బు తీసుకుని వచ్చేయొచ్చు. చాలామంది అలాగే వచ్చేస్తారు కూడా. కానీ తగ్గిందే గానీ పోలేదు. సన్నటి ముల్లు తప్పుని దాచగలదు, దిద్దలేదు. దాని కారణం చెప్పాలంటే గాడి లెక్క చెప్పుకోవాలి.

12 అంగుళాల ప్లేటు మీద సంగీతం మధ్య నుంచి 146 మిల్లీమీటర్ల దూరంలో మొదలై, లోపలికి 60 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. తిరిగే వేగం ఒకటే, చుట్టుకొలత మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి దాదాపు 510 మిల్లీమీటర్లు పరిగెడుతుంది, లోపలి చివర 210 మాత్రమే. అంటే ఒక సెకను సంగీతం బయట మూర పొడవున హాయిగా పరుచుకుంటే, లోపల జానెడులో ఇరుక్కుంటుంది. 10,000 హెర్ట్జ్ ధ్వని, అంటే 'స' అన్నప్పుడు పళ్ళ సందున వచ్చే గాలి లాంటిది, బయట ఒక అల 51 మైక్రాన్లు ఉంటే లోపల 21 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గుండ్రటి మామూలు ముల్లు మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు. ఆ సందులో ఆ మొన పట్టదు. ఎలిప్టికల్ ముల్లు పక్క అంచు 8 మైక్రాన్లు, మైక్రోలైన్‌ది 3. సన్నటి ముల్లు లోపలి గాడుల్లో బాగా వినిపించడానికి కారణం ఇంతే.

ఇక ఈ ప్లేటు సంగతికొస్తే, 27 నిమిషాలంటే దాదాపు 900 చుట్లు. 146 నుంచి 60 దాకా ఉన్న 86 మిల్లీమీటర్ల జాగా మొత్తం వాడుకున్నా మిల్లీమీటరుకి పది గాడులు పైనే పడతాయి. గాడులు పక్కపక్కన అంత ఒత్తుగా ఉంటే అచ్చు కోసం గాడి కోసేవాడు శబ్దం పెంచలేడు, పెంచితే ఒక గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. తగ్గిస్తే ప్లేటు ఉస్సు పైకి తేలుతుంది. మోనో రికార్డు, అంటే కుడి ఎడమలు వేరుగా లేనిది, కావడం కొంత మేలు. మోనోలో గాడి పక్కలకే కదులుతుంది, లోతు మారదు, చోటు కలిసొస్తుంది. ఎంత చేసినా 'సాఫిస్టికేటెడ్ లేడీ' లోపలి సగంలోనే పడక తప్పదు. విస్తారమైన కృతి రాసినందుకు చెల్లించే కిరాయి అది. 1951లో మొదటి ప్లేటు కోసినవాళ్ళూ అదే చెల్లించారు.

కాబట్టి ఈ వైపు చివరి భాగం బిగింపుకి పరీక్ష. బయటి గాడుల్లో ఎంత తప్పున్నా సాగిపోతుంది. లోపల ఏ తప్పూ సాగదు.

తప్పెంతుందో చూడడానికి నేను తీసివేత చేస్తాను. ఇది మోనో ప్లేట్లతోనే కుదురుతుంది. మోనో గాడిలో కుడి గోడ మీదా ఎడమ గోడ మీదా ఉన్నది ఒకే సంగీతం. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రెండు ఛానళ్ళనీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే ఆదర్శంగా సున్నా రావాలి. సున్నా రాదు, ప్లేటు ఉస్సు మిగులుతుంది. ఆ ఉస్సు కాకుండా సంగీతం ఏమన్నా మిగిలితే, అది గాడిలో ఉన్న సంగీతం కాదు, మన ముల్లు కల్పించిన తేడా.

డాక్టరు గారి పాత ముల్లే తిరిగి పెట్టి, 'సాఫిస్టికేటెడ్ లేడీ'లో లనోజ్ పాడే భాగం ఎక్కించి, తీసివేసి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టాను. పియానో పోయింది. బాస్ పోయింది. గాయని గొంతు కూడా పోయింది. కానీ ఆమె 'స'లు మిగిలాయి. మాట లేకుండా, రాగం లేకుండా, చీకట్లో ఎవరో పళ్ళ సందున గాలి వదిలినట్టు, ఒకటి తర్వాత ఒకటి. ఆయన హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశారు. "మనిషి పోయి ఊపిరి మిగిలినట్టుందేమయ్యా" అన్నారు. నలభై ఏళ్ళు స్టెతస్కోపు పట్టుకున్నాయన కదా, విన్నది విన్నట్టు చెప్పగలరు.

పైస్వరాలే మిగలడం చాలా పెద్ద ఆచూకీ. ముల్లు గాడిలో నిటారుగా, సూటిగా కూర్చుంటే రెండు గోడలనీ ఒకే క్షణంలో తాకుతుంది. మెలికపడి కూర్చుంటే ఒక గోడని కాస్త ముందు, రెండో గోడని కాస్త వెనక తాకుతుంది. ఆ తేడా రెండు మైక్రాన్లే కావచ్చు. పొడుగాటి అలలకి అది లెక్కలోకి రాదు. 21 మైక్రాన్ల అలకి అది పదో వంతు. అందుకే కింది స్వరాలు కొట్టుకుపోయి పైవి మిగిలాయి.

ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ని బిగించే హెడ్‌షెల్ ఊడదీశాను. టెక్నిక్స్ ఆర్మ్‌కి ముల్లు మొన నుంచి హెడ్‌షెల్ వెనక అంచు దాకా 52 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది ఆ యంత్రంతో వచ్చే చిన్న ప్లాస్టిక్ గేజ్‌తో ఎవరైనా చూసుకోవచ్చు. కొలిచాను, 47 ఉంది. కార్ట్రిడ్జ్ ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంది. "ఇది బిగించిందెవరు?" అని అడిగాను. కొన్నచోటే, ఒక షాపులో బిగించి ఇచ్చారట. కంటి చూపుతో మధ్యలో పెట్టేసి ఉంటారు. షాపు పేరు ఇక్కడ అనవసరం.

ఐదు మిల్లీమీటర్లు ఏమంత పెద్దదని అనిపిస్తుంది. లెక్క వేసి చూపించాను ఆయనకి. ఆర్మ్ ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముల్లు ప్రతిచోటా గాడికి సూటిగా ఉండదు, రెండు చోట్ల మాత్రమే ఖచ్చితంగా సూటిగా ఉంటుంది. మిగతా చోట్ల కొద్దిగా వంకర. ఆ రెండు చోట్లూ ఎక్కడ పడాలో నిర్ణయించేది ఈ 52. ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే, బయటి అంచున వంకర ఒక డిగ్రీ కూడా ఉండదు, ఎవరికీ వినబడదు. 97 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఇంచుమించు 'సాఫిస్టికేటెడ్ లేడీ' అందుకునే చోట, దాదాపు నాలుగు డిగ్రీలు. లేబులు పక్కన ఐదుకి దగ్గర. సరిగ్గా బిగిస్తే అదే చోట డిగ్రీలో పదో వంతు చిల్లర. తేనెలా మొదలై బొంగురుగా ముగియడానికి మొత్తం కారణం ఆ అంకెల్లోనే ఉంది. ప్లేటు వైపు నుంచి ఏ తప్పూ లేదు.

ఇంకోటి కూడా దొరికింది. త్రాసు పెట్టి చూస్తే ముల్లు ప్లేటు మీద మోపే బరువు 1.4 గ్రాములు. ఈ కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పేది 2 గ్రాములు. తేలిగ్గా ఉంటే ప్లేటు అరగదని షాపులో చెప్పారట. ఈ నమ్మకం నేను ఎన్ని ఇళ్ళలో చూశానో! బరువు చాలకపోతే గట్టి శబ్దం దగ్గర ముల్లు గాడిని వదిలి ఎగిరి మళ్ళీ గోడకి కొట్టుకుంటుంది. ప్లేటు పాడయ్యేది అప్పుడే. నాన్న ఇదే మాట వేరే పద్ధతిలో చెప్పేవారు: "ముల్లు గాడిని పట్టుకోవాలిరా, ముద్దు పెట్టుకోకూడదు."

కార్ట్రిడ్జ్ ముందుకి జరిపి 52కి తెచ్చాను. మరలు పూర్తిగా బిగించకముందే అద్దం ముక్క మీద ఆనించి నిటారుగా ఉందో లేదో చూశాను. ముల్లూ దాని ప్రతిబింబమూ ఒకే గీతలో ఉండాలి. ఎడమకి వాలి ఉంది, సరిచేశాను. వైర్లు నాలుగూ వదులుగా లేవని చూసుకుని, మరలు ఒకసారి ఇటూ ఒకసారి అటూ కొంచెం కొంచెంగా బిగించాను. ఒకటే ముందు బిగిస్తే కార్ట్రిడ్జ్ తిరిగిపోతుంది. బరువు 2 గ్రాములు, దానికి తగ్గట్టు, ఆర్మ్ లోపలికి లాక్కుపోకుండా ఆపే యాంటీస్కేటింగ్. ప్లేటు మందం వల్ల ఆర్మ్ ఎత్తు కూడా ఒక మిల్లీమీటరు పెంచాను. దీని గురించి జనం కొట్టుకుంటారు గానీ, ఈ పొడవు ఆర్మ్‌కి ఒక మిల్లీమీటరంటే పావు డిగ్రీ. చేయడం తేలిక కాబట్టి చేస్తాను, ఇందులో మహత్యం చూడను.

తీసివేత మళ్ళీ చేశాం. ఈసారి ప్లేటు ఉస్సు, అక్కడక్కడా ఓ చిటుక్కు. 'స'లు లేవు. డాక్టరు గారు వాల్యూమ్ పెంచి, ఇంకా పెంచి వెతికారు. ఏమీ దొరకలేదు.

అప్పుడు మైక్రోలైన్ ముల్లు మళ్ళీ పెట్టి పోల్చాను. తేడా ఉంది, కానీ ఇందాకటంత లేదు. గ్రీర్ సింబల్, అంటే డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్ళెం, మీద బ్రష్ తగిలిన చోట పొడి మెరుపు కొంచెం ఎక్కువ వినిపించింది. "మీ ముల్లు అరిగాక అప్పుడు ఇది వేసుకుందురు గాని" అని సంచిలో పెట్టేసుకున్నాను.

పని అయిపోయిందనుకుంటే ఆయన ఇంకో ప్లేటు తెచ్చారు. అదే రికార్డు, 1951 నాటి కొలంబియా అచ్చు, ఎవరో పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నారట. "మరి దీని సంగతి చెప్పు. దీంట్లో గీతలున్నాయి, చిటపటలున్నాయి, అయినా ట్రంపెట్లు ఇందులోనే మెరుస్తున్నాయి. కొత్తదాంట్లో దుప్పటి కప్పినట్టు లేదూ?"

రెండూ వెనకా ముందూ విన్నాను. నిజమే, పాతది మెరుపుగానే ఉంది. కానీ ఆ మెరుపు ప్లేటుది కాదు. ప్లేటు కోసేటప్పుడు కింది స్వరాలు తగ్గించి పైస్వరాలు పెంచి కోస్తారు, వినేటప్పుడు ఫోనో ఆంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనే కొలత అందరికీ ఒకటిగా స్థిరపడింది 1954లో, అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పేరుతో. అంతకుముందు కంపెనీకో కొలత. కొలంబియా ఎల్‌పీ కొలత ప్రకారం వినేటప్పుడు 10,000 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్ తగ్గించాలి. ఆర్‌ఐఏఏ తగ్గించేది 13.7. డాక్టరు గారి ఆంప్లిఫయర్‌కి ఆర్‌ఐఏఏ ఒక్కటే తెలుసు. కాబట్టి పాత ప్లేటు పైస్వరాలు రెండు డెసిబెల్స్ పైగా అదనంగా వస్తున్నాయి. కొత్త ప్లేటు ఆర్‌ఐఏఏకి కోసినది కాబట్టి ఉండాల్సినంతే ఉంది.

పాతదాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి కొలంబియా కొలతకి దిద్ది వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. రెండూ ఒకే గదిలోకి వచ్చాయి. ట్రంపెట్లు వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాయి. హ్యారీ కార్నీ బారిటోన్ శాక్సఫోన్ అడుగున చాప పరిచినట్టు వచ్చింది. ఇక తేడా అంతా నిశ్శబ్దంలోనే. పాతదాంట్లో నిశ్శబ్దం లేదు, డెబ్భై ఏళ్ళ ముళ్ళు దాన్ని గీకేశాయి. కొత్తదాంట్లో ఒక వాద్యం ఆగాక ఆ చర్చి గది గాలి ఇంకా కాసేపు నిలబడి ఉండడం వినిపిస్తుంది. ఈ కొత్త ప్రింటుకి నేను కట్టే విలువ దానికే. మెరుపు కోసం వెతికితే ఇందులో దొరకదు. ఆ గది పైకప్పు ఎంత ఎత్తో చెవికి తెలియడమే ఇందులో దొరికేది. మోనోలో, ఒక్క స్పీకరు నుంచి కూడా, ముందు వరసా వెనక వరసా తెలుస్తాయి.

45 కొనాలా వద్దా అన్నది మిగిలింది. నిజం చెప్పాలంటే గాడి దృష్ట్యా 45దే పైచేయి. లోపలి చివర కూడా సెకనుకి 280 మిల్లీమీటర్లకి పైగా వేగం ఉంటుంది, 33లో 210. మూడో వంతు ఎక్కువ. పైగా 'సాఫిస్టికేటెడ్ లేడీ' బయటి అంచు నుంచి మొదలవుతుంది. లోపలి సగంలో పడే బాధే ఉండదు. ఇంకొకరెవరైనా అడిగితే, వాళ్ళ చేతిలో ఏదీ లేకపోతే, 45 అనే చెబుతానేమో.

కానీ ఈయనకి వద్దన్నాను. ఆయన దగ్గర ఇప్పుడున్నది ఏ తప్పూ లేని ప్లేటు, ఏ తప్పూ లేని బిగింపు. ఇంకో కారణం నా సొంతది, దానికి కొలత లేదు. 'మూడ్ ఇండిగో' చివర తీగ సన్నగిల్లి ఆగిపోయాక, కాస్త ఖాళీ తర్వాత 'సాఫిస్టికేటెడ్ లేడీ' అందుకునే ఆ వరస నాకిష్టం. ఇరవై ఏళ్ళు మూడేసి నిమిషాలకి తెగిపోయిన సంగీతానికి 27 నిమిషాలు ఎవరూ లేవకుండా కూర్చునే వీలు దొరికింది ఆ వైపు మీదే. మధ్యలో లేచి ప్లేటు తిప్పడం నాకు ఇష్టం లేదు. డాక్టరు గారు వెంటనే ఒప్పుకోలేదు. "ఇంకో నెల విని చూస్తా" అన్నారు. అది కూడా సరైన మాటే.

అమ్మగారు టీ తెచ్చారు. మొదటి వైపు మొదటి నుంచీ మళ్ళీ పెట్టాం. ముగ్గురం కూర్చున్నాం. లనోజ్ పాడుతున్నప్పుడు అమ్మగారు, "ఈ అమ్మాయి జలుబు తగ్గినట్టుందే" అన్నారు. ఆవిడకి ఏం చేశామో ఎవరూ చెప్పలేదు. చివరికి ముల్లు ఖాళీ గాడిలోకి వెళ్ళి లేబులు పక్కన టక్, టక్ అని తిరుగుతున్నా డాక్టరు గారు చాలాసేపు లేవలేదు.

తర్వాత లేచి, గుమ్మం దగ్గరున్న వాపసు లేబులు తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్నుతో పెద్దగా 52 అని రాశారు. దాన్ని టర్న్‌టేబుల్ మూత లోపలి వైపు అంటించి, గోరుతో నాలుగు మూలలూ నొక్కారు.